రాయి మట్టిగా మారడంలో నది వంతు ఎంత?

కొండలను కోసి, రాళ్లను పిండిచేసి ఇసుకగా మార్చేది నదులే కదా అని అడిగారు. ఆ ఘనతంతా నదికే కట్టబెట్టడం అన్యాయమని నా గట్టి నమ్మకం. నది ప్రధానంగా మోసుకుపోయేది మాత్రమే. దాని చేతికి అందేసరికే రాయి చాలావరకు చివికిపోయి ఉంటుంది.

ఈ సంగతిని నాకు పుస్తకాల కంటే బాగా నేర్పింది రోడ్డు కోసం తవ్విన ఒక కొండ అంచు. యంత్రం నిలువుగా చెక్కేసిన ఆ గోడ దూరం నుంచి చూస్తే అచ్చమైన గ్రానైటే. గులాబీ, తెలుపు, నలుపు గింజలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అరచేయి వెడల్పున్న తెల్లని పలుగురాతి చార ఒకటి గోడ పొడవునా ఏటవాలుగా, ఎక్కడా తెగకుండా సాగింది. కానీ బొటనవేలితో నొక్కగానే రాయి పొడిపొడిగా రాలిపోయింది. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగిలినవి క్వార్ట్జ్, అంటే పలుగురాతి రేణువులు, జారుడుగా అంటుకున్న తెల్లని మెత్తన ఒకప్పటి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, బంగారు రంగులో మెరిసిన రేకులు లోపలి ఇనుము తుప్పుపట్టిన నల్ల అభ్రకం. ఆ గోడను ఏ నదీ తాకలేదు. రాయి అంగుళమైనా కదల్లేదనడానికి ఆ పలుగు చారే సాక్ష్యం. శైథిల్యం, అంటే రాయి ఉన్నచోటే చివికిపోవడం, అక్కడ తన పని దాదాపు ముగించింది; క్రమక్షయం, అంటే ఆ చివికిన సరుకు కొట్టుకుపోవడం, ఇంకా మొదలే కాలేదు.

ఆ పని చేసింది వాన నీరు. అది గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును, అంతకంటే ఎక్కువగా నేలలో వేర్లూ సూక్ష్మజీవులూ వదిలే అదే వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారి, పగుళ్లలోకి దిగి, ఫెల్డ్‌స్పార్‌లోని సోడియం, పొటాషియం, కాల్షియంలను కరిగించుకుపోతుంది. మిగిలేది బంకమన్ను. క్వార్ట్జ్ దాదాపు లొంగదు కనుక ఇసుకగా నిలుస్తుంది. బండ మూలల మీద ఈ దాడి ఒకేసారి అనేక వైపుల నుంచి జరుగుతుంది కాబట్టి ముందుగా మూలలే పోతాయి. ఉల్లిపొరల్లాంటి తొడుగుల మధ్య గట్టి గుండు మిగులుతుంది. గ్రానైటు కొండల మీద ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్రాళ్లను చూసి ఏ ప్రళయకాలపు వరదో దొర్లించి తెచ్చిందని చాలామంది చెబుతుంటారు. వాటిలో అత్యధికం పుట్టినచోటే గుండ్రబడి, చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోయాక బయటపడినవే.

పగటి ఎండకు వ్యాకోచించి రాత్రి చలికి సంకోచించడం ఒక్కటే రాయిని పగలగొట్టడానికి చాలన్నట్లు పాఠాల్లో రాయడం మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. 1936లో అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త డేవిడ్ గ్రిగ్స్ ఒక గ్రానైటు ముక్కను 244 ఏళ్ల పగలూ రాత్రులకు సమానమైనన్ని సార్లు పొడిగా వేడిచేసి చల్లార్చినా అందులో చెప్పుకోదగ్గ మార్పేదీ కనిపించలేదు. చల్లార్చడానికి నీటిని వాడిన తరువాతే దాని ఉపరితలం చెడడం మొదలైంది. చలి ప్రదేశాల్లో రాళ్లను చీల్చేదీ నీరే. గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది.

నది ఏమీ కోయదని నేను అనడం లేదు. అది దొర్లించుకుపోయే గులకరాళ్లు అడుగున ఉన్న బండను నిజంగానే అరగదీస్తాయి. అయితే దాని అసలు నేర్పు చివికిన సరుకును వేరుచేయడంలో ఉంది. ఒకదానికొకటి గట్టిగా అంటుకున్న బంకమన్ను రేణువులను లేపడానికి ఇసుకకు కావలసిన దానికంటే ఎక్కువ వేగం కావాలి, కానీ ఒకసారి లేచాక అవి మందగించిన ప్రవాహంలో కూడా తేలుతూ పోతాయి. ఇసుక మాత్రం వేగం తగ్గిన మలుపులోనే దిగబడుతుంది. ఫెల్డ్‌స్పార్ నుంచి కరిగిన సోడియం కంటికి కనిపించదు, ఏ మలుపులోనూ ఆగదు. సముద్రపు ఉప్పులోని సోడియం ప్రధానంగా ఇలా శిలల నుంచి వెళ్లినదే.