పాత ఫైటింగు సినిమా పిల్లలకి చూపించబోయే అల్లుడికి

బొబ్బిలి

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్లో అన్న మాటకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. పదో తరగతిలో ప్రాణం పెట్టి చూసిన చిరంజీవి కౌబాయ్ సినిమా కొదమ సింహం మీవాడికి చూపించబోతే మొదటి ఫైటు పూర్తికాకుండానే నవ్వేశాడన్నావు. వాడి నవ్వు కన్నా, మధ్యలో నీకే విసుగు పుట్టడం ఎక్కువ బాధ పెట్టిందన్నావు. "అప్పుడు మనం ఏటి చూసి అంతలా ఊగిపోయాం మామయ్యా?" అని అడిగావు. సినిమా హాల్లో ఆపరేటర్‌గా బతుకు వెళ్లదీసినవాణ్ణి నేను. జనం ఒక్కసారి చూసి మర్చిపోయే తప్పుని కేబిన్‌లో ఉన్నవాడు రోజూ నాలుగాటలూ చూస్తాడు. అయినా ఆ సినిమాలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అందుకని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు, ఆ సినిమాని పిల్లల దగ్గర వెనకేసుకురాకు. "అప్పటివి సినిమాలంటే, ఇప్పటివేం సినిమాలు" అని మొదలెట్టావంటే వాడు తప్పులు వెతకడానికి కూర్చుంటాడు, నువ్వు కప్పిపుచ్చడానికి కూర్చుంటావు, తెర మీదకి ఎవడి చూపూ పోదు. తప్పులేవో నువ్వే ముందు చెప్పెయ్. కథ మధ్యలో జారిపోతుందని చెప్పు. కామెడీకీ కథకీ పొత్తు లేదని చెప్పు. హీరో తుపాకీలో గుళ్లు అయిపోవని చెప్పు. చెప్పాక, "ఇవన్నీ ఉన్నా ఈ గుర్రాల ఛేజ్ చూడు, దీని కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్లేవాణ్ణి" అను. తండ్రి దేన్ని చూసి మురిసిపోయాడో తెలుసుకోవాలని ఏ పిల్లాడికైనా ఉంటుంది. నువ్వు దాన్ని గొప్ప సినిమాగా నిలబెట్టాలని చూస్తే ఆ ఆసక్తి చచ్చిపోతుంది.

కౌబాయ్ టోపీ చూసి నవ్వాడంటే వాడికి వెనకటి సంగతి కూడా చెప్పు. 1971లోనే కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ మోసగాళ్లకు మోసగాడు తీశారు. తెలుగులో మొదటి కౌబాయ్ సినిమా అది. దాని కోసం రాజస్థాన్ ఎడారి దాకా వెళ్లారు. గుర్రమంటే పెళ్లి ఊరేగింపులో తప్ప ఎరగని మా ఈడు పిల్లలకి ఆ ఇసుకా ఆ ఎండా తెలుగు మాటలతో కనిపించేసరికి ఒళ్లు పులకరించింది. అమెరికా పడమటి దేశపు టోపీ తెలుగువాడి నెత్తిన ఎలా అతుకుతుందని మాలో ఒక్కడూ అడగలేదు. మీవాడు అడుగుతాడు, అడగనీ. అది మంచి ప్రశ్నే.

ఇక అసలు సంగతి. నువ్వు అప్పుడు చూసిన సినిమా, ఇప్పుడు ఫోన్లో దొరికే సినిమా ఒకటి కావు. విశాఖలో ఆడి, విజయనగరంలో ఆడి, చివరికి మన బొబ్బిలికో సాలూరుకో వచ్చేసరికి ప్రింటు ఒళ్లంతా గాయాలే. తెర నిండా వాన కురిసినట్టు గీతలు పడేవి. ఫిల్ము తెగిన చోట పాడైన ముక్క కత్తిరించి అతికించేవాళ్లం. అడుగు ఫిల్ముకి 16 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు, ఉంటాయి; సెకనుకి 24 ఫ్రేములు పరిగెడతాయి. అంటే అడుగున్నర పోతే తెర మీద ఒక సెకను పోయినట్టే. గుమ్మం దగ్గరున్న రౌడీ మరుక్షణం నేల మీద కనిపించాడంటే అది డైరెక్టరు తప్పే కానక్కర్లేదు, ఆ మధ్య ముక్క ఏ ఊరి కేబిన్‌లోనో రాలిపోయి ఉండొచ్చు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. రీలు అయిపోయే ముందు తెర కుడి పైమూల ఒక చుక్క మెరుస్తుంది. ఆ చుక్కకి రెండో ప్రొజెక్టరు మోటారు తిప్పాలి, రెండో చుక్కకి బొమ్మని అందులోకి మార్చాలి. ప్రొజెక్టరుకి వెలుగునిచ్చే కార్బన్ కడ్డీల మంట చూసుకుంటూ ఆ చుక్క తప్పిపోతే తెర తెల్లబోయేది, నేల టిక్కెట్టు వాళ్ల ఈలలు కేబిన్ గోడని తాకేవి. నీకు గుర్తున్న ఊపులో సగం ఆ హాలుది, పక్కన కూర్చుని నీకంటే ముందే కేక వేసిన స్నేహితుడిది. ఆ సగం యూట్యూబులో దొరకదు. నీ విసుగుకి అసలు కారణం ఇదే అల్లుడూ. నీ అభిరుచి అప్పుడేమీ చెడ్డది కాదు.

అందుకని ఫోన్లో చూపించకు. ఇంట్లో పెద్ద టీవీ ఉంటే దానికి స్పీకర్లు తగిలించు. పక్కింటి పిల్లల్ని పిలువు, నీతోపాటు నేల టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి ఒక్కణ్ణయినా రప్పించు. 2022లో పోకిరి మళ్లీ వేసినప్పటి నుంచి పాత సినిమాలు థియేటర్లకి తిరిగొస్తున్నాయి. నీ సినిమా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పడితే మాత్రం టీవీ మాట మర్చిపోయి పిల్లల్ని అక్కడికే తీసుకెళ్లు.

మీవాడు తప్పకుండా అడుగుతాడు, ఇరవై మంది రౌడీలుండి ఒక్కొక్కడే ఎందుకొస్తాడని. దానికి నవ్వెయ్యకుండా జవాబు చెప్పు. అప్పట్లో ఫిల్ము ఖరీదు, కెమెరా చాలాసార్లు ఒకటే. ఫైటుని ముక్కలు ముక్కలుగా తీసేవారు. ఒక్కో ఫైటర్ దెబ్బ ఎక్కడ తగలాలో, ఎటు పడాలో ముందే లెక్క కట్టుకునేవారు. అందరూ ఒకేసారి మీద పడితే నిజంగానే ఎముకలు విరుగుతాయి. కెమెరాని సెకనుకి 24 కంటే తక్కువ ఫ్రేములతో తిప్పితే తెర మీద మనిషి వేగం పెరుగుతుంది. ఎత్తు నుంచి దూకింది తీసి వెనక్కి ఆడిస్తే కింద నుంచి పైకి ఎగిరినట్టుంటుంది. ఢిషుం ఢిషుం అన్న చప్పుడు తర్వాత రికార్డింగ్ థియేటర్లో కలిపేది. కానీ మేడ మీద నుంచి పడ్డ మనిషి మాత్రం నిజంగానే పడ్డాడు. కింద అట్టపెట్టెలో పరుపులో ఉంటాయి, అంతే. హీరో బట్టలు వేసుకుని దూకి, మొహం కనపడకుండా వెళ్లిపోయిన ఆ డూపు పేరు టైటిల్స్‌లో వెతుకు, చాలాసార్లు దొరకదు. ఆస్కార్ వాళ్లు కూడా ఇన్నేళ్లకి, 2027లో వచ్చే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కి అవార్డు ఇస్తామన్నారు. మీవాడికి ఇది చెప్పి అదే ఫైటు మళ్లీ వెయ్యి. ఈసారి వాడు హీరోని వదిలేసి పడేవాళ్లని చూస్తాడు.

కాపీ సంగతి కూడా దాచకు. ఖైదీ 1983లో వచ్చింది, దాని పోలీస్ స్టేషన్ ఫైటుకి దారి చూపింది 1982 నాటి ఇంగ్లీషు సినిమా ఫస్ట్ బ్లడ్. పిల్లలు నిమిషంలో వెతికి పట్టుకుంటారు, ఆ మాట నీ నోటినే రానీ. అలాగే తేడా కూడా చూపించు. అక్కడ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుడి గోడు. ఇక్కడ రావుగోపాలరావు లాంటి ఊరి పెద్ద చేతిలో కుటుంబం నాశనమైన కుర్రాడి పగ. అడవిలో పరుగు వాళ్లదే, ఆ ఊరి పెద్ద మాత్రం అచ్చంగా మనవాడు. అలాంటివాణ్ణి ఎరిగిన ఊళ్ల జనమే ఆ హాళ్లు నింపారు. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథలో వింటూ పెరిగినవాళ్లం మనం. తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని చంపే ఘట్టానికి మన తాతలు కూడా లేచి నిలబడేవారు. ఒక్కడు వెళ్లి లెక్క తేల్చే కథంటే ఇష్టం సినిమా వచ్చాక పుట్టింది కాదు.

ఒక్క విషయంలో మాత్రం మెతకగా ఉండకు. ఆ సినిమాల్లో చాలావాటికి హీరో కోపం పుట్టించడానికి చెల్లెలి మీద అత్యాచారం కావాలి. హీరోయిన్ వద్దన్నా వెంటపడాలి, ఆమె చెంప పగిలితే హాలు చప్పట్లు కొట్టాలి. మీ అమ్మాయి ఇంటరు చదువుతోంది, పక్కనే కూర్చుంటుంది. ఆ సీను వచ్చినప్పుడు రిమోటు నొక్కి దాటెయ్యకు, నీళ్లు తాగడానికి లేచిపోకు. ఆపి, "ఇది తప్పు, అప్పుడు కూడా తప్పే, మేం చప్పట్లు కొట్టాం" అని స్పష్టంగా చెప్పు. ఆమె ఇంకా ఏదైనా అంటే పూర్తిగా విను, మధ్యలో ఆ కాలం వేరు అనకు. ఆ కాలంలోనూ మీ అమ్మ హాల్లో తల దించుకునే కూర్చునేది, కేబిన్ కిటికీలోంచి నేను చూశాను.

వచ్చే ఆదివారం కొదమ సింహం ఒక్కటే పెట్టకు. దానితోపాటు అదే 1990లో వచ్చిన కర్తవ్యం కూడా పెట్టు. పోలీసు ఆఫీసరుగా విజయశాంతి దెబ్బలు కొట్టింది, దెబ్బలు తింది, జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చుకుంది. ముందు ఏది చూడాలో మీ అమ్మాయినే తేల్చమను. రెండోది సగంలో ఆపి పడుకుంటామన్నా బలవంతం చెయ్యకు, మిగతా సగం మర్నాడు చూడొచ్చు. మీవాడు ఈసారి ఎక్కడ నవ్వాడో, ఎక్కడ నోరు మూసుకుని చూశాడో నాకు ఫోన్ చేసి చెప్పు. దసరా సెలవులకి పిల్లల్ని ఇక్కడికి పంపావంటే, నా దగ్గరున్న పాత రీలు ముక్క కిటికీ వెలుగుకి పట్టి చూపిస్తాను, ఫ్రేములు వాళ్లే లెక్కపెట్టుకుంటారు.

మీ మామయ్య