అమ్మానాన్నలకు ఊరు చూపించడానికి అప్పా?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. జీతం 52 వేలు, అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 44 వేలు. బ్యాంకులో 32 వేలున్నాయి. డిసెంబర్‌లో కర్నూలు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. నాలుగు రోజులు చెన్నై, మహాబలిపురం, కాంచీపురం, పుదుచ్చేరి చూపించాలని ఉంది. రిసార్టు, కారు, పట్టుచీరలు కలిపి 80 వేలవుతుంది. ఒక యాప్‌లో 15 శాతం వడ్డీకి రెండేళ్ల పర్సనల్ లోన్ వెంటనే ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? నాన్నకు షుగర్ ఉంది.

జవాబు: వద్దు. నెలకు 3,879 రూపాయలే కదా అనిపిస్తుంది. రెండేళ్లలో 93 వేలు దాటుతుంది. నాలుగు రోజుల ముచ్చటకు 24 నెలల వాయిదాలు! ఇలాంటి ప్రశ్నలు నాకు చాలా వస్తాయి. అందరూ ఈఎంఐ కట్టగలమా అనే చూసుకుంటారు, చేతిలో ఎంత మిగిలి ఉందో చూసుకోరు.

మీ దగ్గరున్న 32 వేలు ఒక నెల ఖర్చుకు కూడా చాలవు. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు, అంటే 2,64,000 ఉండాలి. మీ విషయంలో ఇది మరీ ముఖ్యం. 2015 డిసెంబర్‌లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి నీళ్లలో మునిగింది. బండి పాడైనా, నాలుగు రోజులు వేరేచోట తల దాచుకోవాల్సి వచ్చినా డబ్బు ఎక్కడిది? షుగరున్న పెద్దాయన ఇంట్లో ఉండగా రాత్రిపూట ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే? అప్పుడు అదే యాప్‌లో రెండో లోన్ తీస్తారు. చాలా కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయేది అక్కడే. క్రెడిట్ కార్డు మీద నగదు తీసే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. బంగారం తాకట్టు ఆసుపత్రి అవసరానికి, సరదాకు కాదు.

అమ్మానాన్నలను రమ్మనండి, కానీ ఫిబ్రవరిలో. వానలు వెళ్లిపోతాయి, ఎండలు ఇంకా ముదరవు. రెండేళ్లు కట్టగలనన్న ఆ 3,879నే నవంబర్ నుంచి నాలుగు నెలలు విడిగా దాచండి, 15 వేల పైన అవుతుంది. నెలనెలా మిగిలే మరో నాలుగు వేలు అత్యవసర నిధికి వెళ్లాలి. ఫిబ్రవరి తర్వాత మొత్తం ఎనిమిది వేలూ దానికే. అది ఫోన్‌పే, గూగుల్‌పేకు లింకైన ఖాతాలో ఉండకూడదు, ఉంటే నిలవదు.

ఆ 15 వేలతో ఊరు బాగానే చూపించవచ్చు. మీ ఇల్లుండగా రిసార్టు దేనికి? మైలాపూర్ కపాలీశ్వరుడికి, మెరీనాకు టికెట్టే లేదు. ఒక్క మహాబలిపురానికి మాత్రం కారు మాట్లాడుకోండి, సుమారు 50 కిలోమీటర్లు, పెద్దవాళ్లకు సుఖంగా ఉంటుంది. తీర దేవాలయానికి, పంచరథాలకు టికెట్ ఉంటుంది, అర్జునుడి తపస్సు శిల్పాన్ని ఊరికే చూడవచ్చు. కాంచీపురానికి చెంగల్పట్టు మీదుగా లోకల్ రైలుంది. తెల్లవారుజామునే ఎక్కండి, గుళ్లు మధ్యాహ్నం మూసేసి మళ్లీ సాయంత్రం నాలుగు ప్రాంతంలో తీస్తారు. ఆ మధ్య సమయంలోనే కాళ్లు చీరల కొట్టు వైపు లాగుతాయి. బడ్జెట్ తలకిందులయ్యేది అక్కడే కాబట్టి అమ్మకు ఒక్క చీర, ఎంతలోనో ఇంట్లోనే అనుకుని బయల్దేరండి. పుదుచ్చేరి ఈసారికి వదిలేయండి.

నాన్నకు ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే దరఖాస్తు చేయండి. షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే బీమా డబ్బు రాని గడువు, ఉండొచ్చు, ఆలస్యం చేసినకొద్దీ ఆ గడువు తీరడం కూడా ఆలస్యమవుతుంది. యాప్‌లో దరఖాస్తు మొదలుపెట్టి ఉంటే ఈ రోజే రద్దు చేసుకోండి.