గ్రీక్ యోగర్ట్ కొనాలా, గుడ్డలో కట్టాలా?

ఏటా డిసెంబరులో బెంగళూరు వచ్చి మా చెల్లెలింట్లో రెండు నెలలుంటాను. మారతహళ్ళిలో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళు మనవాళ్ళవే. లిఫ్టులో కన్నడం కన్నా గుంటూరు యాసే ఎక్కువ వినపడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నదాన్ని కదా, జనవరిలో చదువులకి బయల్దేరే పిల్లలు సాయంత్రాలు వచ్చి సందేహాలు అడుగుతుంటారు. గది అద్దెలు, బ్యాంకు ఖాతా, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా, ఇలాంటివన్నీ అయ్యాక ఈసారి మా చెల్లెలి కూతురు ఒక కొత్త ప్రశ్న వేసింది. "పెద్దమ్మా, అక్కడ గ్రీక్ యోగర్ట్‌లో పళ్ళు, తేనె వేసుకుని స్వీట్‌లా తింటారట కదా. నాకు వంట రాదు. అదైనా చేసుకోగలనా?"

వంట రానివాళ్ళ కోసమే పుట్టిన తీపి అది, పొయ్యితో పెద్దగా పనే లేదు అన్నాను. వంటింట్లోంచి మా చెల్లెలు, "పెరుగులో తేనేంటక్కా, పెరుగన్నంలో ఆవకాయ తినే పిల్లకి!" అంది. దాని పెళ్ళిలోనే పీటల మీద మా మరిదిగారి చేతిలో పోసిందేమిటో మర్చిపోయింది. పెళ్ళికొడుక్కి మర్యాదగా పెరుగు, తేనె, నెయ్యి కలిపి ఇచ్చేదే మధుపర్కం. ఇప్పుడు ఆ మాటంటే మనకి తెల్లబట్టలు మాత్రమే గుర్తొస్తున్నాయి. గుళ్ళో పంచామృతంలో కూడా పెరుగు, తేనె రెండూ ఉన్నాయి. కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సింది రుచి కాదు. ఆ పెరుగులో నీళ్ళు ఎలా తీయాలో, తీశాక మళ్ళీ చేరకుండా ఎలా చూసుకోవాలో తెలిస్తే చాలు.

గ్రీక్ యోగర్ట్ అంటే వడకట్టిన పెరుగు, అంతే. గ్రీసులో వాళ్ళు దాన్ని స్ట్రాంగిస్తో అంటారు, వడకట్టినది అనే అర్థం. మరాఠీవాళ్ళూ గుజరాతీలూ శ్రీఖండ్ కోసం గుడ్డలో వేలాడదీసే చక్కా దీనికి అన్నగారు, ఇంకాస్త గట్టిది. కిలో గ్రీక్ యోగర్ట్‌కి మూడు నాలుగు లీటర్ల పాలు పడతాయి. అక్కడ డబ్బా ధర చూసి గుండె గుభేలుమంటే ఈ లెక్క గుర్తు చేసుకోండి.

ధర తక్కువున్న డబ్బా కూడా పక్కనే ఉంటుంది. కొత్తవాళ్ళు పొరబడేది అక్కడే. ఒకదాని మీద 'గ్రీక్' అని, ఇంకోదాని మీద 'గ్రీక్ స్టైల్' అని రాసుంటుంది. ఈ పేరు కోసం కోర్టుకి కూడా ఎక్కారు. ఏథెన్స్‌లో 1926లో మొదలైన ఫాయే కంపెనీ, అమెరికాలో తయారుచేసి ఇంగ్లండులో అమ్ముతున్న చొబానీ మీద కేసు వేసింది. గ్రీసులో తయారుకానిదాన్ని ఇంగ్లండులో గ్రీక్ యోగర్ట్ అని అమ్మకూడదని 2013లో లండన్ హైకోర్టు తీర్పిచ్చింది, 2014లో అప్పీలు కోర్టు కూడా అదే మాట అంది. మిగతావాళ్ళంతా అప్పటికే 'స్టైల్' తగిలించుకుని అమ్ముతున్నారు. స్టైల్ అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. కొన్ని వడకట్టకుండా, మీగడ కలిపి చిక్కబరుస్తారు. తినడానికి కమ్మగానే ఉంటాయి, కానీ మీరు ప్రొటీన్ కోసం కొంటుంటే డబ్బా వెనక్కి తిప్పి చూడండి. వంద గ్రాములకి ప్రొటీన్ 9, 10 గ్రాములుంటే అది బాగా వడకట్టింది. 4, 5 దగ్గర ఆగిపోయి, కొవ్వు మాత్రం 10 గ్రాములుందంటే మీగడ మహిమ.

శాకాహారులు ఇంకొకటి కూడా చూసుకోవాలి. ఇక్కడి ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్క అక్కడ ఉండదు. కొన్ని పళ్ళ యోగర్ట్‌లలో, మూస్ అనే నురగలాంటి తీపిలో చిక్కదనానికి జెలటిన్ వేస్తారు. అది జంతువుల చర్మం నుంచీ ఎముకల నుంచీ తీసేది. పెరుగే కదా అని కళ్ళు మూసుకుని కొనొద్దు. ఏ రుచీ కలపని సాదాది, పాలు, పెరుగు కల్చర్ (అంటే తోడు) తప్ప ఇంకేమీ రాయనిది తీసుకుంటే ఏ టెన్షనూ లేదు.

సరే, ఇంట్లో చేసుకోవడం. ఆ సాయంత్రమే పిల్లలకి చేసి చూపించాను. కింద కొట్లో నందిని పెరుగు కిలో తెప్పించాం. గిన్నె మీద జల్లెడ, జల్లెడలో తడిపి పిండిన పల్చటి నూలుగుడ్డ, గుడ్డలో పెరుగు. కొసలు మూసి ఫ్రిజ్‌లో పెట్టేశాం. మా అమ్మ కాలంలోలా కుళాయికి వేలాడదీస్తే బయటి వేడికి పులుస్తుంది. డిసెంబరు బెంగళూరులో పర్వాలేదుగానీ ఏప్రిల్లో అయితే తెల్లారేసరికి పులిసిపోతుంది. నాలుగైదు గంటలకి అరకిలో గట్టిపెరుగు మిగిలింది, గరిటె నిలబెడితే నిలబడేలా. రాత్రంతా ఉంచితే ఇంకా గట్టిపడుతుంది, అప్పుడది శ్రీఖండ్‌కి బాగుంటుంది. ఈ తీపికి అంత అక్కర్లేదు. పొరపాటున మరీ బిగిసిపోతే కిందికి దిగిన తేటే రెండు చెంచాలు పోసి కలిపితే సరి. మిగిలిన తేట పారబోయకండి, చపాతీ పిండి దాంతో కలపండి, చారులో చింతపండు తగ్గించి పోయండి. అక్కడ ఒక్కరే ఉండే గదిలో జల్లెడ లేకపోతే గరాటులో కాఫీ ఫిల్టర్ కాగితం పెట్టినా పని జరుగుతుంది.

ఇక నా మొదటి ఏడాది కథ. పనిచేసే చోట అందరూ తలా ఒక వంటకం తెచ్చే భోజనాలు పెట్టారు. పులిహోర చేస్తే ఘాటంటారేమోనని భయపడి, గ్రీక్ యోగర్ట్‌లో అనాసముక్కలు, కివీ, తేనె, బాదంపప్పు అన్నీ ముందురోజు రాత్రే కలిపి, పెద్ద గాజు గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. పొద్దున మూత తీస్తే పైన రెండు వేళ్ళ నీళ్ళు. కలిపి నాలిక మీద పెట్టుకుంటే కాకరకాయ చేదు. బాదం నానబెట్టిన శనగల్లా ఉంది. పెరుగు పాడయిందనుకుని మొత్తం పారబోసి, దారిలో బిస్కెట్ల పెట్టె కొనుక్కెళ్ళాను.

పెరుగుది ఏ తప్పూ లేదు. ఉడికించని అనాసలో, కివీలో, బొప్పాయిలో ప్రొటీన్‌ని ముక్కలు చేసే ఎంజైములుంటాయి. మాంసం మెత్తబడాలని బొప్పాయికాయ ముక్క వేయడం మనవాళ్ళకి తెలిసిందే, పాల ప్రొటీన్‌కి కూడా అదే గతి పడుతుంది, చేదు అలా వస్తుంది. ఈ పళ్ళు వేసుకోవాలంటే తినేముందు వేసుకుని వెంటనే తినెయ్యాలి. డబ్బాలో వచ్చే అనాస ముందే వేడి చేసింది కాబట్టి దానితో ఈ గొడవ లేదు. నీళ్ళ సంగతి తేనె వల్ల. తీపి ఏదైనా పళ్ళలోని నీటిని బయటికి లాగుతుంది, ఊరగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే ఊట ఊరినట్టే. కలపడం అనే మాటే మర్చిపోండి. కింద పెరుగు, మీద పళ్ళు, ఆ పైన పప్పులు, ఆఖరున తేనె. పొరలుగా వేసి, చెంచాతో అంచు నుంచి తీసుకుంటూ తినాలి.

ఒక మనిషికి నా కొలత ఇది. నూట యాభై గ్రాముల గట్టిపెరుగు, గుప్పెడు పళ్ళముక్కలు, నాలుగు అక్రోట్లు లేదా ఎనిమిది బాదంపప్పులు, ఒక చెంచా తేనె. యాలకులు చిటికెడు వేస్తే మన ఇంటి వాసన వస్తుంది, గ్రీకులు వేయరు. వాళ్ళ పాత పద్ధతిలో అసలు పళ్ళే తక్కువ, అక్రోట్లూ తేనే చాలు. లేదంటే ద్రాక్షనో పుల్ల చెర్రీలనో పాకంలో ఉడికించి సీసాకెత్తిన తీపి ఒక చెంచా పైన వేస్తారు. ఇంటికొచ్చిన చుట్టానికి అదే ఒక చెంచా, పక్కన చల్లటి మంచినీళ్ళు ఇస్తారు. మన పల్లెల్లో బెల్లంముక్క, చెంబుడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు చూడండి, అలా.

పళ్ళలో నా ఓటు దానిమ్మకి. గింజకి గింజ విడిగా ఉంటుంది, నీరు వదలదు, కొరికితే పుల్లతీపి. బెంగళూరులో ఉన్నన్నాళ్ళూ హాప్‌కామ్స్ కొట్లో సపోటాలు తెచ్చి వేస్తాను, ఆ పులుపు మీద సపోటా ఎంత బాగుంటుందో తిన్నవాళ్ళకే తెలుసు. బంగినపల్లి సంగతి చెప్పనక్కర్లేదు. అరటి, యాపిల్ కోసిన కాసేపటికే నల్లబడతాయి, రెండు చుక్కలు నిమ్మరసం రాయండి. అక్కడ చలికాలంలో తాజా పళ్ళు ఖరీదు ఎక్కువ, రుచి తక్కువ. గడ్డకట్టిన బెర్రీల సంచీ కొనుక్కుని, గుప్పెడు తీసి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే ఎర్రటి రసం ఊరుతుంది. ఈ ఒక్క నీటిని మాత్రం పారబోయకండి, చల్లార్చి పైన పోసుకోండి.

పప్పులు నూనె లేకుండా సన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పూర్తిగా చల్లారాకే సీసాలో పోయాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మెత్తబడతాయి. అక్రోట్లు త్వరగా ముక్కవాసన వస్తాయి, ఫ్రిజ్‌లో ఉంచుకోండి. పదిమందికీ పెట్టేటప్పుడు పప్పులు వేరే గిన్నెలో పెట్టండి. అక్కడ పప్పుల ఎలర్జీని ఎవరూ తేలిగ్గా తీసుకోరు, ప్రాణం మీదికొచ్చే మనుషులుంటారు. ముందే అడగడం మర్యాద కూడా.

తేనెని కన్నడంలో జేనుతుప్ప అంటారు, అంటే తేనెటీగ నెయ్యి. చలిదేశంలో ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది, నెయ్యిలాగే పేరుకుంటుంది. పంచదార కల్తీ చేశారని తిట్టుకోకండి, అది సహజం. సీసాని గోరువెచ్చటి నీళ్ళలో నిలబెడితే మళ్ళీ జారుతుంది. ఏడాది నిండని పసిపిల్లలకి మాత్రం చుక్క తేనె కూడా నాకించకూడదు, బాట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్నవాళ్ళు తేనె మంచిదేగా అని ఎక్కువ పోసుకోవద్దు, అది కూడా పంచదార లెక్కే. షుగర్ ఉన్న మా మరిదిగారికి దానిమ్మ గింజలతోనే ఇచ్చాను, మొహం ముడుచుకుని తిన్నారు.

ఆఖరి సందేహం మా చెల్లెలిది. పిల్ల సూట్‌కేసులో తోడుకి కాస్త పెరుగు డబ్బాలో పెట్టి పంపవచ్చా అని. వద్దు. ఇండియా నుంచి పాల పదార్థాలు బ్రిటన్‌కి వెంట తీసుకెళ్ళకూడదు. అక్కడే లైవ్ కల్చర్ అని రాసున్న సాదా యోగర్ట్ ఒక చెంచా తోడు వేసుకోవచ్చు. కాకపోతే ఆ తోడుకి మనింటి తోడు కన్నా వెచ్చదనం ఎక్కువ కావాలి, 42 డిగ్రీల చుట్టుపక్కల. పాలు గోరువెచ్చని కంటే ఒక పిసరు వేడిగా ఉన్నప్పుడే తోడేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి, వేడి పెట్టకుండా లోపలి బల్బు మాత్రం వేసి ఉంచిన ఓవెన్‌లో రాత్రంతా వదిలెయ్యాలి.

పెరుగు బదులు పాత నూలుపంచె ఒకటి రెండు ముక్కలుగా చింపి పెట్టమన్నాను. దాన్ని అక్కడి వాసన సబ్బుల్లో ఉతక్కుండా మరిగే నీళ్ళలో వేసి, ఆరబెట్టుకోవాలి. లేకపోతే పెరుగంతా లావెండర్ వాసన.