పాస్టరు గారి పైచదువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వందనాలండి. గుంటూరు దగ్గర ఒక పల్లెలో పాస్టరుగా ఉన్నాను. బి.డి. (పాస్టర్లు చదివే వేదాంత డిగ్రీ) పూర్తిచేసి 12 ఏళ్లయింది. మా సంఘంలో ఎక్కువమంది మిర్చి వేసే కౌలు రైతులు, కూలీలు. ఎం.టి.హెచ్. (వేదాంతంలో మాస్టర్స్) చేద్దామని ఉంది, కొందరేమో డి.మిన్. (సంఘ సేవలో డాక్టరేట్) మేలంటున్నారు. ఏ సబ్జెక్టు తీసుకోవాలో కూడా తేలడం లేదు. నిరుడు మా సంఘంలో ఒకాయన అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నాడు. అలాంటివాళ్లకు సమాధి ప్రార్థన చేయకూడదని పెద్దలు అడ్డుపడ్డారు, నేను ఏదో రెండు మాటలు చెప్పి వచ్చేశాను. ఇంగ్లీషు కూడా చాలావరకు మర్చిపోయాను. ఈ వయసులో ఈ చదువు అవసరమా?

జవాబు: అయ్యగారూ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సబ్జెక్టు తేలడం లేదన్నారు గానీ, ఆ వెంటనే అదేమిటో మీరే రాశారు. ఆ సమాధి దగ్గర ఏం చెప్పాలో తోచక ఇంటికి వచ్చేశారు కదా, ఆ ప్రశ్న పట్టుకునే వెళ్లండి.

పైచదువు ఏం చేస్తుందో మీ ప్రశ్నతోనే చెబుతాను. మీ పెద్దలు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? 5వ శతాబ్దంలో సంఘ పండితుడు అగస్టీను ఆత్మహత్యను ‘నరహత్య చేయకూడదు’ అనే ఆజ్ఞ కిందకు తెచ్చి వాదించాడు. 1662 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘం) ప్రార్థన పుస్తకంలోనైతే బాప్తిస్మం లేనివాళ్లకు, సంఘం వెలివేసినవాళ్లకు, తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్లకు సమాధి క్రమం చదవకూడదని నియమమే రాసి పెట్టారు. అంటే వాక్యం అనుకుని మనం భయపడేదాంట్లో కొంత మనుషులు, ఏదో ఒక కాలంలో, ఏదో ఒక దేశంలో పెట్టుకున్న ఏర్పాటు. ఇంకోవైపు బైబిల్ తెరిస్తే, బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు తిట్టలేదు, ముందు నిద్రపోనిచ్చి, రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, ఆ తర్వాతే మాట్లాడాడు. 88వ కీర్తన చివరి మాటదాకా చీకట్లోనే ఉంటుంది, అయినా దాన్ని ఎవరూ తీసేయలేదు. ఇవన్నీ మీకు తెలిసినవే. కానీ చరిత్రను, వాక్యాన్ని, మీ ఊరి కౌలు అప్పును ఒకే బల్ల మీద పెట్టి రెండేళ్లు కూర్చునే తీరిక సంఘంలో ఉండగా మనకు దొరకదు, సెమినరీ (పాస్టర్లను తయారుచేసే కాలేజీ) ఇచ్చేది ఆ తీరికే.

ఇక ఏ కోర్సు? ఎం.టి.హెచ్. సాధారణంగా రెండేళ్లు, అక్కడే ఉండి చదవాలి, చివర్లో థీసిస్ రాయాలి. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, మిషన్, పాస్టోరల్ కౌన్సెలింగ్ ఇలా శాఖలుంటాయి. రేపు సెమినరీలో పాఠం చెప్పాలని, డి.టి.హెచ్. (వేదాంతంలో డాక్టరేట్) దాకా వెళ్లాలని ఉంటే ఈ దారే. డి.మిన్. అలా కాదు, బి.డి. తర్వాత కొన్నేళ్లు సేవ చేసినవాళ్ల కోసం పెట్టింది, సంఘాన్ని వదలకుండా, ఆ సంఘం సమస్య మీదే పని చేయిస్తారు. మీరు పాఠాలు చెప్పాలనుకుంటున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు కాబట్టి నా ఓటు డి.మిన్.కే. ఎం.టి.హెచ్.కే వెళ్తానంటే మాత్రం కౌన్సెలింగ్ శాఖ తీసుకోండి. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఉంది, 1964లో రాజమండ్రిలో మొదలైంది, మనవాళ్ల కష్టాలు అక్కడ విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు. బెంగళూరులో 1910 నాటి యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలో గురుకుల్ సెమినరీ ఉన్నాయి. ఏ కోర్సు ఏ సంవత్సరం నడుస్తోందో ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు, ఆరు నెలల ముందు నుంచి రోజూ రెండు పేజీలు చదివి, చదివినదాన్ని తెలుగులో నాలుగు లైన్లు రాసుకోండి. పాస్టరమ్మగారు ఏమంటున్నారో మీరు రాయలేదు. ఆవిడతో, పిల్లలతో మాట్లాడకుండా అప్లికేషన్ పెట్టకండి. ఇంకొకటి, అడ్మిషన్ వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే ఆ చనిపోయినాయన ఇంటికి వెళ్లండి. ప్రసంగం అక్కర్లేదు, కూర్చుని రండి.

ప్రశ్న: విజయవాడ పటమటలో చిన్న సంఘం మాది. 25 వేలు కడితే గౌరవ డాక్టరేట్ ఇస్తామని ఒకరు వెంటపడుతున్నారు, గౌను, సభ, ఫ్లెక్సీ అంతా వాళ్లదేనట. పేరు ముందు డాక్టర్ ఉంటే మీటింగులకు పిలుస్తారని తోటి పాస్టర్లు అంటున్నారు.

జవాబు: వద్దండి. ఆ 25 వేలు మీ సంఘంలో ఇళ్లలో అంట్లు తోమే అక్కలు వేసిన కానుకల్లోంచి వచ్చేవే కదా. మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ఇవ్వాలి, 1956 నాటి యూజీసీ చట్టం చెప్పేది అదే. 1818లో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి పెట్టిన శ్రీరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ (డిగ్రీలిచ్చే అధికార పత్రం) ఇచ్చాడు, 1918లో బెంగాల్ చట్టంతో ఆ పట్టాల వ్యవహారం చూసే సెనేట్ ఏర్పడింది, మన సెమినరీలు చాలావాటిలో బి.డి., ఎం.టి.హెచ్. పట్టాలు ఆ సెనేట్ పేరు మీదే వస్తాయి. మిమ్మల్ని ఎవరైనా అడిగితే చూపించడానికి ఇలాంటి పునాది ఉండాలి. హాలు అద్దెకు తీసుకుని గౌను తొడిగేవాళ్లకు ఏముంది? చదవాలని నిజంగా ఉంటే ఇప్పటిదాకా ఏం చదివారో, సర్టిఫికెట్లు ఏమున్నాయో రాయండి, ఎక్కడ చేరొచ్చో చెబుతాను.

ప్రశ్న: నేను పాస్టరు గారి భార్యను, ఊరు విజయవాడ. డిగ్రీ చదివాను. స్త్రీల కూటమి వాక్యం నేనే చెబుతాను. బి.డి. ఆడవాళ్లు చేయొచ్చా?

జవాబు: చేయొచ్చమ్మా, డిగ్రీ ఉంది కాబట్టి అర్హత కూడా ఉంది. చదువు ఒకటి, ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) ఒకటి, రెండోది మీ సంఘం నియమాన్ని బట్టి ఉంటుంది. సి.ఎస్.ఐ.లో (దక్షిణ ఇండియా సంఘంలో) స్త్రీలకు ఆర్డినేషన్ ఉంది, 2013లో నంద్యాల డయోసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) పుష్ప లలిత గారు ఆ సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్ అయ్యారు. మీది ఏ సంఘమో రాయలేదు. హాస్టల్లో కుటుంబాలకు గదులు ఉన్నాయా, గ్రీకు, హీబ్రూల్లో ఏది చెబుతున్నారు, ఈ రెండూ ముందే అడగండి. గ్రీకు అక్షరాలు ఈ వేసవిలోనే మొదలుపెట్టేయండి, 24 అక్షరాలే.