మూడో ఏట ఇండియా టికెట్లు కొనేముందు ఒక్కసారి ఆగండి

పుట్టువెంట్రుకలు తిరుపతిలో మూడో ఏట తీయించాలి, ఎలాగూ వెళ్తున్నాం కదా రెండు నెలలు ఉండొద్దాం అని ప్లాన్ చేస్తారు మనవాళ్ళు. మామూలు పిల్లలకైతే పర్లేదు. కానీ మాటలు రాలేదనో నడక ఆలస్యమనో మీ బిడ్డకి అమెరికాలో ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదల ఆలస్యమైన మూడేళ్ళలోపు పిల్లలకిచ్చే థెరపీ) నడుస్తుంటే మాత్రం సరిగ్గా ఆ నెలల్లోనే అసలు పని ఉంటుందండీ.

ఇంటికొచ్చే థెరపిస్టులు చాలా రాష్ట్రాల్లో మూడో పుట్టినరోజుతో ఆపేస్తారు, ఆ తర్వాత బాధ్యత మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. చట్టం ప్రకారం ఆ పుట్టినరోజుకి కనీసం 90 రోజుల ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్ పెట్టాలి, మీరు సరే అంటే 9 నెలల ముందైనా పెట్టుకోవచ్చు, అర్హత ఉంటే మూడేళ్ళు నిండే రోజుకల్లా ఐఈపీ (మీ బిడ్డకి స్కూల్ ఏమేం సాయం చేస్తుందో రాసే ప్లాన్) రెడీగా ఉండాలి. మీరు ఊళ్ళో లేకపోతే టెస్టులు ఎవరికి చేస్తారు? పుట్టినరోజు వేసవి సెలవుల్లో పడితే సర్వీసులు ఎప్పుడు మొదలెట్టాలో ఐఈపీ రాసే టీమే తేలుస్తుంది, ఆ తేదీ అడిగి మరీ రాయించుకోండి. ఏది అడిగినా ఫోన్లో వద్దు, ఈమెయిల్లో అడగండి.

స్కూల్ ఇచ్చే ఈ సర్వీసులకి ఖర్చేం ఉండదు, హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకీ వర్తిస్తుంది. "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి" అని ఇంటి దగ్గర్నుంచి ఫోన్లొస్తాయి, విని ఊరుకోండి.

ఐఈపీ మీటింగ్‌లో అటువైపు అయిదారుగురు లాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చుంటారు, మనం తలూపేస్తాం. ఊపకండి. బిడ్డ ఇంట్లో "పాలు", "తాత", "ఇంకా" అంటుంటే అవీ మాటలే, లెక్కలోకి తీసుకోమనండి, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగే హక్కు కూడా ఉంది. గోల్స్ దగ్గర "మాటలు మెరుగుపడతాయి" అని గాలికబుర్లు రాస్తే ఒప్పుకోవద్దు, "కావలసింది అయిదుసార్లలో నాలుగుసార్లు మాటతోనో బొమ్మ చూపించో అడుగుతాడు" అన్నట్టుండాలి, స్పీచ్ వారానికి ఎన్ని నిమిషాలో అంకె ఉండాలి. అక్కడికక్కడే సంతకం పెట్టక్కర్లేదు, ఇంటికి తెచ్చుకుని చదవండి, అలాగని వారాలు నాన్చకండి, మీ సంతకం పడేదాకా సర్వీసు మొదలవ్వదు.

పిల్లల్ని స్కూల్లో దింపడానికి కారు లేదా? బిడ్డ అవసరాన్ని బట్టి స్కూల్ బస్ కూడా ఐఈపీలోనే రాస్తారు, అడిగితేనే చెప్తారు చాలాచోట్ల.