వైఫై అందడం లేదని అప్పు చేస్తారా?

ప్రశ్న: ఇంటి నుంచే పని చేస్తాను. రూటర్ హాల్లో ఉంది. చివరి గదికి సిగ్నల్ సరిగా అందక మీటింగులు మధ్యలో తెగిపోతున్నాయి. మెష్ వైఫై సెట్ (ఇల్లంతా సిగ్నల్ పరిచే రెండు మూడు పెట్టెలు) కొనాలనుకుంటున్నా. క్రెడిట్ కార్డు మీద 12 నెలల వాయిదాల్లో తీసుకోనా, లోన్ యాప్‌లో అప్పు తీసుకుని ఒకేసారి కట్టేయనా? ఫోన్ ఈఎంఐ ఇంకా ఐదు నెలలుంది. బ్యాంకులో ఒక నెల ఖర్చులకు సరిపడా ఉంది. పాత రూటర్ పడి ఉంది, అమ్మేస్తే ఏమైనా వస్తుందా?

జవాబు: అమ్మకండి. మీ సమస్యకు మందు అదే.

సూదితో పాత రూటర్ రీసెట్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి, పాత సెట్టింగులన్నీ చెరిపేయండి. ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో కలిపి సెట్టింగుల పేజీ తెరవండి. మెయిన్ రూటర్ అడ్రస్ 192.168.1.1 అయితే, దీనికి 192.168.1.2 ఇవ్వండి. డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ అడ్రస్‌లు పంచే పని, ఆపేయండి. ఇది మరిచిపోతే రెండు రూటర్లూ అడ్రస్‌లు పంచడం మొదలుపెట్టి, ఉన్న నెట్ కూడా పోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్ మెయిన్ రూటర్‌వే పెట్టి, ఛానల్ మాత్రం మార్చండి: అక్కడ 1 ఉంటే ఇక్కడ 6 లేదా 11. తర్వాత మెయిన్ రూటర్ లాన్ పోర్టు (ఇంట్లోని పరికరాలను కలిపేది) నుంచి దీని లాన్ పోర్టుకు కేబుల్ లాగండి. వాన్ పోర్టు (బయటి నెట్ లైన్ వచ్చేది) జోలికి వెళ్లొద్దు. ఈథర్‌నెట్ కేబుల్ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మీ ఇల్లు అంత పొడవు ఉండదనుకుంటా. కేబుల్ లేకుండా రిపీటర్‌గానూ (గాల్లో వచ్చిన సిగ్నల్‌నే అందుకుని మళ్లీ పంపేలా) వాడొచ్చు కానీ వేగం దాదాపు సగానికి పడిపోతుంది. డబ్ల్యూపీఏ2 (వైఫైకి రక్షణ ఇచ్చే పద్ధతి) కూడా లేనంత పాతదైతే మాత్రం వాడొద్దు.

ఖర్చల్లా ఒక కేబుల్. దీనికి ఏడాది అప్పా?

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. వస్తువు మారుతుంది, లెక్క మారదు: వాయిదా చిన్నదిగా కనిపిస్తే చాలు, వస్తువు అవసరమైపోతుంది. లోన్ యాప్ మాట ఇక ఎత్తకండి. ఫీజు ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు, వడ్డీ మాత్రం మొత్తానికీ వేస్తారు. కార్డు బకాయి మీద నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటారు, చక్రవడ్డీతో అది 42 దాటుతుంది. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎక్కడో ఉంటుంది, చూసుకోండి.

నాకు అసలు టెన్షన్ మీ వైఫై గురించి కాదు. ఒక్క నెల ఖర్చుతో రోజులు నెట్టుకొస్తున్నారు. రేపు జీతం 40 రోజులు ఆగితే? అద్దె ఆగదు, ఫోన్ ఈఎంఐ ఆగదు. అప్పుడు వెళ్లేదీ ఆ లోన్ యాప్ దగ్గరికే, ఈసారి బియ్యం పప్పుల కోసం. మెష్ సెట్‌కు నెలనెలా ఎంత కట్టగలననుకున్నారో అంతా జీతం పడిన రోజే వేరే ఖాతాకు దానంతటదే వెళ్లేలా పెట్టండి. ఏటీఎం కార్డు లేని ఖాతా అయితే మరీ మంచిది. ఐదు నెలల తర్వాత ఫోన్ ఈఎంఐ డబ్బూ అందులోకే. ఆరు నెలల ఖర్చులు చేరేదాకా ఆ ఖాతాను ముట్టుకోవద్దు. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చినదొక్కటే ఉంటే, సొంతంగా ఒకటి తీసుకోండి.

పాత రూటర్‌తోనూ కుదరకపోతే ఒకే ఒక్క యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో కలిపితే వైఫై ఇచ్చే పెట్టె) కొనండి, సొంత డబ్బుతో. మెష్ సంగతి ఆ ఆరు నెలల సొమ్ము చేరాక మళ్లీ రాయండి, చూద్దాం.