హోప్ అనే మాట పొడి అక్షరాల నుంచి పుట్టిందా?

మీరు అడిగినది: ‘హోల్డ్ ఆన్, పెయిన్ ఎండ్స్’ అనే మాటల పొడి అక్షరాలు కలిపితే హోప్ అయిందట, నిజమేనా?

కాదు. నూటికి నూరు పాళ్లూ కాదు. మీకు ఈ మాట చెప్పినవారి చేతిలో మైకు ఉండి ఉంటుందని పందెం కాస్తాను.

నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయని మా బడికి ఒక వ్యక్తిత్వ వికాస నిపుణుడిని పిలిచారు. రేకుల షెడ్డు కింద పిల్లలందరూ బాసింపట్లు వేసుకుని చెమటలు కక్కుతున్నారు. ఆయన నల్లబల్ల మీద హెచ్, ఓ, పీ, ఈ నిలువుగా రాసి, ఒక్కో అక్షరం పక్కన ఒక్కో మాట నింపి, “పట్టు వదలకండి, బాధ తీరుతుంది. ఈ పదం పుట్టుక ఇదే!” అన్నారు. ముందు వరుస పిల్లలు దాన్ని ఎర్ర సిరాతో రాసుకున్నారు. నా పాఠం ఏనాడూ ఎర్ర సిరాకు నోచుకోలేదు.

సందేహాలు ఉన్నాయా అని ఆయన పిల్లలను అడిగితే వెనక నుంచి నేను లేచాను. “సార్, వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ మాట ‘హోపా’. చివర ఈ కాదు, ఎ ఉండేది. ఆ ఎ పక్కన ఏ మాట పెడదాం?”

ఆయన క్షణం కూడా తడుముకోలేదు. “ఆటిట్యూడ్, సార్!” చప్పట్లు మోగిపోయాయి. పిల్లలు అదీ రాసుకున్నారు. మా ప్రధానోపాధ్యాయులు నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను.

ఆ వారమంతా బడిలో ఇదే జబ్బు. ఎవడో మ్యాథ్స్ అనే మాటకు కూడా పొడి అక్షరాలు విడగొట్టి గోడ మీద రాశాడు. ఉపాధ్యాయులకు అందులో మర్యాద దక్కలేదు. లెక్కల మాస్టారు వచ్చి నన్ను తగులుకున్నారు, ఇంగ్లీషు నా శాఖ కదా అని!

అసలు సంగతికి వస్తే, డచ్చి భాషలోని హోపెన్, జర్మన్‌లోని హోఫెన్ ఈ మాటకు దగ్గర చుట్టాలు. అంతకన్నా వెనక్కి వెళితే దారి మూసుకుపోతుంది. గెంతడం అనే అర్థమున్న ‘హాప్’తో కొందరు దీన్ని ముడిపెట్టారు, ఎదురుచూపులో మనసు గెంతుతుందని. నాకైతే అందులోనూ మైకు వాసనే వస్తోంది.

పొడి అక్షరాలు గుచ్చి మాట తయారుచేయడం చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు అలవాటు. రాడార్, లేజర్ అలా వచ్చినవే. న్యూస్ మాత్రం కాదు. నాలుగు దిక్కుల పేర్ల నుంచి న్యూస్ వచ్చిందని మన బడుల్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. అది కొత్త అనే మాటకు బహువచనం, అంతే. పాత పుస్తకాల్లో ఎన్, ఈ, డబ్ల్యూ, ఈ, ఎస్ అని కూడా కనిపిస్తుంది. అప్పట్లో తూర్పులు రెండు ఉండేవి కాబోలు! మన ఆశా కార్యకర్తల పేరూ పొడి అక్షరాలదే, 2005లో మొదలైన పథకం. మాటకు తగ్గట్టు అక్షరాలు కుదిర్చారు. అంతమాత్రాన ఆశ 2005లో పుట్టిందని ఎవరైనా అంటారా?

పిల్లలకు చెప్పదగిన నిజమైన కథలు లేక కాదు. తీరని ఆశ అనే అర్థంలో ‘ఫర్లార్న్ హోప్’ అంటారు కదా, పుట్టుకలో దానికీ ఆశకూ సంబంధమే లేదు. అది 16వ శతాబ్దంలో డచ్చి నుంచి వచ్చింది. అక్కడ ఆ హోప్‌కు అర్థం కుప్ప, గుంపు. మొత్తం కలిపితే పోయిన దళం. కోటగోడ బద్దలైన చోటికి అందరికన్నా ముందు తోలే సైనికుల జట్టు అన్నమాట. ఇంగ్లీషువాళ్లు చెవికి వినబడినట్టు రాసుకుంటే ఆశ అయి కూర్చుంది. ఇది తొమ్మిదో తరగతిలో చెబితే చివరి బెంచీ కూడా తలెత్తింది. “వాళ్లలో ఎవరూ తిరిగి రారా, సార్?” అని ఒకడు అడిగాడు. కొందరు వచ్చేవారు, బతికి వచ్చిన అధికారికి పదోన్నతి దక్కేది అని చెప్పాను.